యాభై వేలకు రాజీ పడే ముందు మీ తమ్ముడి క్లెయిమ్ ఎంతవుతుందో లెక్క చూసుకోండి

మీ తమ్ముడు డెలివరీకి వెళ్తుంటే కారు వెనక నుంచి గుద్దిందని, తొడ ఎముక విరిగి రాడ్ వేశారని రాశారు. వయసు 24, నెలకు 18,000 దాకా సంపాదించేవాడు. కారు ఓనర్ యాభై వేలు ఇస్తాను, కేసు వద్దంటున్నాడు, తీసుకోవాలా అని అడిగారు. తీసుకోకండి అండి. ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.

మా నాన్న టైలర్. ఖమ్మం దగ్గర లారీ గుద్ది కుడి మోకాలు దెబ్బతింది. ఆ క్లెయిమ్ పనంతా మొదటి నుంచి చివరిదాకా నేనే చూసుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు, కేసు పడితే డబ్బు తన జేబులోంచే పోతుందనే ఆ ఓనర్ భయం సంగతి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి చేసిందే ఇలాంటి ప్రమాదాల కోసం. పాలసీ నడుస్తూ, డ్రైవర్‌కు లైసెన్సు ఉంటే పరిహారం కట్టేది కంపెనీ, ఆయన కాదు. ఈ మాట ఆయనకు నెమ్మదిగా చెప్పండి, చాలామంది ఓనర్లకు తెలియదు. లైసెన్సు లేకపోయినా, కంపెనీ ముందు బాధితుడికి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్లు (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులు) చెప్పిన కేసులు చాలా ఉన్నాయి. కారు నంబరు కొట్టి ఎం-పరివాహన్ యాప్‌లో చూస్తే ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది.

ఎఫ్ఐఆర్ ఇంకా కాకపోతే ఇవాళే వెళ్లి రాయించండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపుతారులే అని కూర్చోకుండా మీ తరఫున పిటిషన్ కూడా వేయండి. దానికి ఇప్పుడు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. కోర్టులో దీన్ని ఎం.వి.ఓ.పి. అంటారు. జిల్లా కోర్టులో ఉండే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు ఉండే జిల్లాలోనైనా వేయవచ్చు.

ఇక డబ్బు లెక్క. శాశ్వత వైకల్యం మిగిలితే సంపాదన నష్టం ఇలా కడతారు. నెలకు 18,000 అని రుజువైతే, 40 ఏళ్ల లోపు వాడు కాబట్టి భవిష్యత్తులో పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు: 25,200. ఏడాదికి 3,02,400. వయసు 24 కాబట్టి దాన్ని 18తో హెచ్చిస్తారు: 54,43,200. సంపాదించే శక్తి పది శాతమే తగ్గిందనుకున్నా 5,44,320 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు, మంచంలో ఉన్న నెలల జీతం, నొప్పికి, ఇంటి మనిషి దగ్గరుండి చూసుకున్నందుకు, రేపు రాడ్ తీయించడానికి అయ్యేది, ఇవన్నీ వేరే. ఆ యాభై వేలు దీని పక్కన పెట్టి చూడండి.

ఆ శాతం దగ్గరే అసలు పోరాటం. డాక్టర్ రాసే వైకల్య శాతం వేరు, సంపాదన మీద పడే దెబ్బ వేరు. 2010లో రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చక్కగా చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకూ వడ్రంగికీ బతుకుతెరువు దాదాపు పూర్తిగా పోవచ్చు, గుమాస్తాకు అంత నష్టం ఉండకపోవచ్చు. మా నాన్న కేసులో కంపెనీ లాయరు ‘చేతులు బాగానే ఉన్నాయిగా’ అన్నాడు. మా లాయరు కుట్టు మిషన్ ఫొటో చూపించి, కుడి కాలితో రోజంతా పెడల్ తొక్కాలని, మోకాలు మడవలేని మనిషి అది చేయలేడని చెప్పారు. ఆర్డర్ల పుస్తకం, ఫోన్‌పే స్టేట్‌మెంట్లు, దుకాణంలో పనిచేసే అబ్బాయి సాక్ష్యం పెట్టాం. ఆ తర్వాతే శాతం పెరిగింది.

మీ తమ్ముడికి ఈ విషయంలో కొంత వీలుంది. డెలివరీ యాప్‌లో వారం వారం పడిన డబ్బు వివరాలు ఉంటాయి. ఐడీ ఆపేయకముందే వాటిని డౌన్‌లోడ్ చేసి, బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి పెట్టుకోండి. బండి మీద ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నా, మెట్లు ఎక్కలేకపోతున్నా ప్రతిసారీ డాక్టరుకు చెప్పి చీటీలో రాయించండి. చీటీలో లేని బాధను కోర్టు ముందు పెట్టడం చాలా కష్టం.

ఆసుపత్రి నుంచి వూండ్ సర్టిఫికెట్ (గాయాల వివరం రాసి ఇచ్చేది), డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే ఫిల్ములు, చీటీతో సహా మందుల బిల్లులు తీసుకోండి. స్టేషన్ నుంచి ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు కాపీలు. కాలు కుదుటపడ్డాక వైకల్య సర్టిఫికెట్ మెడికల్ బోర్డు నుంచి గానీ, ఆపరేషన్ చేసిన డాక్టరు నుంచి గానీ ఉండాలి. ఆ డాక్టరు కోర్టుకు వచ్చి చెబుతారా అని ముందే అడగండి. మాకు వైద్యం చేసిన ఆసుపత్రిలో పెద్దాయన రానన్నారు, కింద పనిచేసే డాక్టరు వచ్చి చెప్పారు. ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాం.

వచ్చే దాంట్లో ఇంత శాతం ఇవ్వాలి అనే లాయరు దగ్గరికి వెళ్లకండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు.

కేసు నడుస్తుండగా కంపెనీ లోక్ అదాలత్‌లో రాజీకి రావచ్చు. అది మంచిదే, మేమూ అక్కడే ముగించాం. కానీ అక్కడ ఒప్పుకుంటే మళ్లీ అప్పీలు ఉండదు. అందుకే పైన చెప్పిన లెక్క ముందే కాగితం మీద వేసుకుని వెళ్లండి, వైకల్య శాతం తేలకముందు మాత్రం ఒప్పుకోకండి.

ప్రమాదం ఏ తేదీన జరిగిందో, ఎఫ్ఐఆర్ అయిందో లేదో ఇక్కడ రాయండి. గడువు ఎంత మిగిలిందో చూసి, ముందు ఏ కాగితం కోసం తిరగాలో చెబుతాను.