పదేళ్ళు దాటి వచ్చిన తుది మదింపు: ఆలస్యం ఎవరి ఖాతాలో పడాలి?

2011లో తాత్కాలిక మదింపు (సుంకం ఎంతో పూర్తిగా తేలేలోపు హామీ తీసుకుని వేసే లెక్క) మీద విడిపించుకున్న సరుకుకు కస్టమ్స్ శాఖ ఇన్నేళ్ళకు తుది మదింపు చేసి, తేడా సుంకాన్ని వడ్డీతో కట్టమని ఉత్తర్వు ఇచ్చిందనీ, ఆలస్యమైందన్న కారణంతో దానిని కోర్టులో సవాలు చేయవచ్చా అనీ ప్రశ్న అడిగారు. చేయవచ్చు, చేసి తీరాలి. నేను న్యాయవాదిని కాను. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే మా బావగారి సంస్థలో లెక్కలూ దిగుమతి కాగితాలూ చూసేవాణ్ణి. అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం చాలామంది కన్సల్టెంట్ల కంటే నాకే ఎక్కువ తెలుసునని అనుకుంటాను. వారు ఫీజు పుచ్చుకుని వెళ్ళిపోయారు, తేలని సుంకానికి హామీగా ఇచ్చిన బ్యాంకు గ్యారంటీని ఏటేటా మోసినది మేము.

గోదావరి జిల్లాల్లో వనామీ సాగు ఊపందుకుంటున్న 2010లో మేము మేతలో కలిపే విటమిన్ మిశ్రమాన్ని విదేశం నుండి తెప్పించాము. దిగుమతి సరుకు వివరాలు ప్రకటించే బిల్ ఆఫ్ ఎంట్రీలో దానిని సుంకాల పట్టికలో పశువుల మేత తయారీల కిందికి వచ్చే 2309 శీర్షికలో చూపాము. అది మేత కాదనీ, రసాయనమనీ రేవులోని అధికారి అభ్యంతరం తెలిపి, నమూనాను ప్రయోగశాలకు పంపి, బాండు, బ్యాంకు గ్యారంటీ తీసుకుని సరుకు వదిలారు. పరీక్ష నివేదిక రాగానే తుది మదింపు చేస్తామన్నారు. ఆ తరువాత అక్కడినుండి ఒక్క ముక్క లేదు. గ్యారంటీ గడువు తీరబోయే ముందు మాత్రం పొడిగించమని తప్పకుండా లేఖ వచ్చేది.

2022లో వ్యక్తిగత విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. అప్పటికి మా కస్టమ్స్ బ్రోకరు వ్యాపారం మూసివేశారు, సరుకు పంపిన సంస్థ మరొక సంస్థలో కలిసిపోయింది, సాంకేతిక వివరాలున్న ఫ్యాక్సు కాగితం మీద అక్షరాలు ఎగిరిపోయాయి. విచారణ జరిపిన అధికారి యువకుడు, మర్యాదస్తుడు. "ఈ ఫైలు మొదలైనప్పుడు నేనింకా డిగ్రీ చదువుతున్నానండీ" అని ఆయనే నవ్వుతూ అన్నారు. సరుకు తాలూకు నమూనా ఏమైనా మిగిలి ఉందా అని అడిగారు. ఆ మేత తిన్న రొయ్యలను తిన్నవారు కూడా ఆ సంగతి మరచిపోయి ఉంటారని చెప్పాలనిపించింది కాని చెప్పలేదు.

మా న్యాయవాది వాదన మొదలుపెట్టకుండా, ముందుగా ప్రయోగశాల నివేదిక చూపించమన్నారు. గుమాస్తా ట్యాగు విప్పి ఫైలు తెరిచారు. పైన వరుసగా మా గ్యారంటీ పొడిగింపు లేఖలు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క మేనేజరు సంతకం. వాటి అడుగున నివేదిక ఉంది. దాని కుడి మూలన కాగితం అందిన తేదీ తెలిపే ఊదారంగు ఇన్‌వర్డ్ ముద్రలో 2010వ సంవత్సరం స్పష్టంగా కనబడుతోంది. అంటే దేని కోసం మదింపు ఆపారో ఆ కాగితం అదే ఏడాది అదే కార్యాలయానికి చేరింది. ఆ తేదీని విచారణ రికార్డులో నమోదు చేయమని మా న్యాయవాది కోరారు, అధికారి నమోదు చేశారు. అయినా ఉత్తర్వు మాకు వ్యతిరేకంగానే వచ్చింది. ఆలస్యం గురించి అందులో ఉన్నది "పరిపాలనా కారణాల వలన" అన్న మూడు మాటలే. హైకోర్టులో రిట్ (అధికారుల ఉత్తర్వును నేరుగా సవాలు చేసే పిటిషన్) వేసినప్పుడు మమ్మల్ని గట్టెక్కించినది సరుకు ఏ శీర్షికలోకి వస్తుందన్న వర్గీకరణ వాదం కాదు, ఆ ముద్ర. కనుక మీరు కూడా తుది మదింపు దేని కోసం ఆగిందో, అది శాఖ చేతికి ఎప్పుడు అందిందో ముందుగా తేల్చుకోండి. ఫైలు చూపకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆలస్యం మీ వల్ల జరగలేదని కాగితం మీద చూపగలిగితే కేసు సగం గెలిచినట్టే.

తాత్కాలిక మదింపును ముగించడానికి 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 18వ సెక్షన్‌లో చాలాకాలం గడువే లేదు. ఆ లోటును 2025 ఆర్థిక చట్టం పూరించింది: రెండేళ్ళు, కమిషనరు స్థాయి అధికారి పొడిగిస్తే మరొక ఏడాది. అప్పటికే పెండింగులో ఉన్నవాటికి ఆ రెండేళ్ళు 2025 మార్చి 29 నుండి లెక్కకు వస్తాయి. పాతవారి విషయంలో ఇది ఆలస్యానికి శిక్ష కాదు, కొత్తగా ఇచ్చిన వాయిదా. అందుచేత మీ వాదన చట్టం గడువు చెప్పనిచోట అధికారాన్ని సహేతుకమైన కాలంలో వాడాలన్న సూత్రం మీద నిలబడాలి. సుప్రీంకోర్టు 1989లో సిటడెల్ ఫైన్ ఫార్మాస్యూటికల్స్ కేసులోనూ, 2007లో భటిండా పాల సహకార సంఘం కేసులోనూ ఈ సూత్రాన్ని చెప్పింది. ఎక్సైజు కేసే అయినా, పదమూడేళ్ళు నానిన షోకాజ్ నోటీసులపై ఇచ్చిన ఉత్తర్వును 2020లో పార్లే ఇంటర్నేషనల్ విషయంలో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. నోటీసులను కాల్ బుక్‌లో (ప్రస్తుతానికి పక్కన పెట్టిన కేసుల పట్టీలో) పెట్టి ఏళ్ళ తరబడి మరచిపోయే అలవాటును 2024 డిసెంబరులో వాస్ టెక్నాలజీస్ కేసులో ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది. మీది షోకాజ్ నోటీసు వ్యవహారమైతే, నోటీసును తేల్చడానికి గడువు చెప్పే కస్టమ్స్ చట్టంలోని 28(9) ఉపసెక్షన్ వేరుగా చూడాలి, అందులో 2018 మార్చి 29కి ముందు జారీ అయిన నోటీసుల దారి వేరు.

నాకు అన్నిటికంటే మంట పుట్టించేది వడ్డీ. తుది మదింపులో మనం బాకీ తేలితే, తాత్కాలిక మదింపు జరిగిన నెల మొదటి తేదీ నుండి చెల్లించే రోజు వరకు వడ్డీ నడుస్తుంది. ఇప్పుడు ఆ రేటు ఏడాదికి 15 శాతం, ఈ లెక్కన ఏడేళ్ళకే వడ్డీ అసలును దాటుతుంది. శాఖే మనకు బాకీ తేలితే, తుది మదింపు జరిగి మూడు నెలలు గడిచినా సొమ్ము ఇవ్వనప్పుడే వడ్డీ మొదలవుతుంది, అదీ 6 శాతం. ఫైలు బీరువాలో నిద్రపోయిన ఏళ్ళకు వారు చెల్లించేది సున్నా. ఆలస్యం చేసినవారికే లాభం వచ్చేలా ఉన్న ఈ లెక్కను మీ పిటిషన్‌లో పట్టిక వేసి చూపించండి, న్యాయమూర్తులు అంకెలను శ్రద్ధగా చూస్తారు. దిగుమతి కాగితాలను ఐదేళ్ళు భద్రపరచమనే నిబంధనలున్న శాఖ పన్నెండో ఏట అవే కాగితాలు అడగడం ఏ న్యాయమో కూడా ప్రశ్నించండి. ఇన్నేళ్ళ తరువాత తేడా సుంకాన్ని రైతుల నుండి రాబట్టుకోలేమన్నది మా పిటిషన్‌లో మరొక ముఖ్యాంశం. పంట పట్టాకే డబ్బు వచ్చే మా వ్యాపారంలో అప్పటి బాకీలే కొన్ని నేటికీ వసూలు కాలేదు.

రిట్ వేస్తున్నామన్న ధీమాతో అప్పీలు గడువును మాత్రం వదలకండి. శాఖలో అప్పీళ్ళు వినే కమిషనర్ అప్పీల్స్ దగ్గరకు వెళ్ళడానికి 60 రోజులు, తగిన కారణం చూపితే మరొక 30 రోజులు, అది దాటితే ఆయన కూడా ఏమీ చేయలేరు. వివాదంలో ఉన్న సుంకంలో 7.5 శాతం ముందుగా జమ చేయాలి. అప్పీలు మార్గం ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని హైకోర్టు అడిగినా అప్పుడు చేతులు ముడుచుకుని కూర్చోవలసిన అవసరం ఉండదు. ఇంకొకటి, గ్యారంటీ ఒరిజినల్‌ను, బాండును వాపసు ఇవ్వాలన్న అభ్యర్థనను రిట్‌లోనే వేరుగా రాయించండి. ఉత్తర్వు రద్దయిన తరువాత కూడా, గ్యారంటీ గురించి తీర్పులో లేదంటూ మమ్మల్ని మళ్ళీ అర్జీ పెట్టుకోమన్నారు. ఆ అర్జీ కదిలేలోపు బ్యాంకు మరో ఏడాది కమీషను కోసుకుంది.