ఆ రాత్రి ఏం జరిగిందని అడగకు

బరంపురం
ఆదివారం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 12 కాగితాలు, మీద 5 రూపాయల స్టాంపు. మామూలు ఏ-ఫోర్ కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది, కవరుతో కలిపి 60 దాటింది. 20 గ్రాములకి 5 చొప్పున 20 రూపాయలు అంటించాల్సింది. తగ్గిన 15కి రెట్టింపు పోస్ట్‌మేన్ చేతిలో పెట్టి విడిపించుకున్నాను. నాకు పోయిన 30 రూపాయల గురించి కాదు ఈ గొడవ. జైల్లో ఉన్న మనిషికి ఉత్తరాలు రాస్తానంటున్నావు కదా, ఇలాంటి కవరు అక్కడికి వెళ్తే గేటు దగ్గర ఎదురు డబ్బు కట్టి తీసుకునేవాడు ఎవడమ్మా?

కథలో ఒక్కచోట ఆగిపోయాను. ఆ తల్లి ఒడియా చదవలేదు. కొడుకున్న జైలు చిరునామా ఎదురింటి పిల్ల చేత అరచేతి మీద రాయించుకుని, చెమటకి చెరిగిపోతుందేమోనని చెయ్యి చాపుకుంటూ పోస్టాఫీసుకి నడుస్తుంది. అది నువ్వు చూసి రాసిన వాక్యం. కటకటాలు, పావురం, గోడ మీద వెన్నెల చార నువ్వు చూసినవి కావు. బరంపురం జైలు అనగానే 1943 మార్చి 29న అక్కడ ఉరి తీసిన స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్ నీకు గుర్తొచ్చాడు, మంచిదే. అయితే ఇప్పుడు మన సరిహద్దు జైళ్లలో కూర్చున్న తెలుగు కుర్రాడు వీరుడూ కాడు, రాక్షసుడూ కాడు. చాలాసార్లు గంజాయి మూట మోసి దొరికినవాడు. మూట 20 కిలోలు దాటితే మత్తుమందుల చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. అక్కడి నుంచి బెయిలు గగనమే.

నన్ను అసలు మండించింది నీ నాయిక జైల్లో ఉన్నవాడికి రాసిన మూడో ఉత్తరం. ‘ఆ రాత్రి నిజంగా ఏం జరిగింది? నాకు మాత్రం చెప్పు’ అని అడుగుతుంది. అతని అప్పీలు ఇంకా హైకోర్టులో ఉందని రెండు పేజీల ముందు నువ్వే రాశావు! పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. బయటి మనిషికి ఒప్పుకుంటూ రాసిన కాగితం సాక్ష్యంగా నిలబడవచ్చు. నీ నాయిక ప్రేమతో అడిగిన ఆ ఒక్క ప్రశ్న అతని మెడకి చుట్టుకోగలదు, ఆమెని బోనెక్కించనూ గలదు. నువ్వు నిజంగా ఉత్తరాలు మొదలుపెడితే కేసు గురించి ఒక్క ముక్క అడగకు. తనంతట తను మొదలుపెట్టినా ‘అది వకీలుకి చెప్పు’ అని ఒక వాక్యం రాసి వేరే మాటలోకి వెళ్లిపో.

ఇది చట్టానికి భయపడి చెప్పే మాట మాత్రమే కాదు. జైలుకి వెళ్లే ఉత్తరం ఎప్పుడూ ఒక్కరికే చేరదు. ముందు ఆఫీసులో చదువుతారు. తర్వాత చాలాసార్లు చదువొచ్చిన తోటి ఖైదీ చదివి వినిపిస్తాడు, పక్కవాళ్లు వింటారు. ఇన్ని చెవులు దాటాకే అది అసలు మనిషికి అందుతుంది. కాబట్టి జైలు ఉత్తరం వినడానికి రాసేది. నువ్వు రాసే కథకీ ఇదే వర్తిస్తుందని నేను ముప్పై ఏళ్లుగా పోరుతున్నాను, పత్రికలవాళ్లు నవ్వుకుంటున్నారు. రాశాక గొంతెత్తి చదువు. ఎక్కడ ఊపిరి తెగుతుందో అక్కడ వాక్యం తెంచు. నలుగురి ముందు చదివితే అతను తల దించుకోవాల్సిన మాట ఏదైనా ఉంటే కొట్టెయ్. ‘పాపం’, ‘నీ దురదృష్టం’, ‘నిన్ను తలచుకుంటే కన్నీళ్లాగవు’ ఇవన్నీ ఆ వరసలోవే. పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం అంత పోరాడితే, ఈనాటి సంపాదకులు ఖైదీల ఉత్తరాలు అచ్చువేస్తూ ‘ఎలిపోనాను’ అన్నదాన్ని ‘వెళ్లిపోయాను’ చేసి, పైన ‘గుండెల్ని పిండే’ అని శీర్షిక పెడతారు. జైలు ప్రత్యేక సంచికలంటే నాకు అందుకే ఒళ్లు మంట.

ఇక నువ్వడిగిన సంగతి, ఏ ఖైదీకి రాయాలి, ఎలా మొదలుపెట్టాలి అన్నది. పేపర్లో నేరవార్త చూసి పేరు పట్టుకోకు. మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే, ఇంకా తీర్పు రానివాళ్లు. మీ గుణుపురం సబ్ జైలులాంటి చోట్ల మరీను. వాళ్లు ఇవాళ ఉంటారు, రేపు బెయిలు మీద పోతారు, కేసు నలుగుతూనే ఉంటుంది. మొదటిసారి రాసేదానివి శిక్ష ఖరారై, ఏళ్ల తరబడి ఉండే మనిషిని చూసుకో. అంటే బరంపురం, కోరాపుట్ సర్కిల్ జైళ్లు. ములాఖాత్‌కి ఎవరూ రాని తెలుగు ఖైదీ ఉంటే, అతనికి ఇష్టమైతే, స్నేహపూర్వకంగా ఉత్తరాలు రాయడానికి అనుమతి ఇవ్వమని సూపరింటెండెంటుకి దరఖాస్తు పెట్టు. ఒక పేజీ, ఒడియాలో. నువ్వెవరు, ఏం చేస్తావు, నెలకి ఎన్ని రాస్తావు, ఏ భాషలో, అంతే. గుర్తింపు కార్డు నకలు జతచెయ్. తనతో ఎవరెవరు మాట్లాడవచ్చో, రాయవచ్చో ఖైదీ చేత పేర్లు ఇప్పించుకుని రాసుకునే పద్ధతి ఉంది. అందులో నీ పేరు అతనే చేర్చాలి. నువ్వు నవల కూడా రాస్తున్న సంగతి దరఖాస్తులో దాచకు. దాచి తర్వాత బయటపడితే తలుపు మూసుకునేది నీకొక్కదానికే కాదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తరఫున జైళ్లకి వెళ్లే వాలంటీర్లని అడిగినా దారి చూపుతారు.

దొడ్డిదారి వెతకకు. వార్డరుకి తెలిసినవాడు చీటీ చేరవేస్తానంటాడు. 1894 జైళ్ల చట్టం 42వ సెక్షను ప్రకారం నిబంధనలు దాటి ఖైదీతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడమే నేరం. ఆర్నెల్ల వరకు శిక్ష, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వకు, ఆర్నెల్లు చూడు.

చిరునామాలో ఖైదీ పేరు, తండ్రి పేరు, నంబరు ఉండాలి. ఒకే పేరుతో నలుగురుంటారు. విచారణ ఖైదీకైతే యు.టి.పి. (అండర్‌ట్రయల్ ప్రిజనర్) నంబరు, శిక్ష పడ్డవాడికి వేరే వరస. కేరాఫ్ సూపరింటెండెంట్, జైలు పేరు, పిన్ కోడ్. కవరు వెనక నీ చిరునామా తప్పనిసరి, కానీ ఇంటిది వద్దు. హెడ్ పోస్టాఫీసులో పోస్టుబాక్సు అద్దెకి తీసుకో, లేదా నీకు తెలిసిన గ్రంథాలయం వాళ్లనడిగి వాళ్ల చిరునామా వాడుకో. ఫోన్ నంబరు ఎక్కడా రాయకు.

కాగితాలు రెండు, ఒకవైపే. మూడైతే కవరుతో 20 గ్రాముల అంచున ఊగుతుంది. రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటరు ఇంకా మేలు, దాచడానికి చోటుండదు గనక విప్పేవాడికీ అనుమానం ఉండదు. అందులో ఏమీ పెట్టకూడదని దాని మీదే రాసి ఉంటుంది. కవరైతే పిన్ను, టేపు, అత్తరు, ఎండబెట్టిన పువ్వు, మెరుపు కాగితం, ఇవేవీ వద్దు. విడి స్టాంపులూ వద్దు, నోటులాగే చేతులు మారే వస్తువది. జవాబు కోసం ఖాళీ ఇన్‌లాండ్ పెట్టాలనుంటే ముందు ఆఫీసుని అడుగు. మాటల కింద గీతలు, మూలల్లో బొమ్మలు, మీ ఇద్దరికే తెలిసే ముద్దుపేర్లు సంకేతాల్లా కనిపిస్తాయి. నీలం బాల్‌పెన్‌తో రాయి, జెల్ ఇంకు తడికి అలుక్కుపోతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు లిపి. మనవైపు ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో ఒడియా చదివినవాళ్లకి తెలుగు అక్షరం రాదు. నీ ముత్యాల్లాంటి తెలుగు అతనికి గోడమీది గీతలే. మొదటి ఉత్తరంలోనే ఏ లిపి చదవగలవని అడుగు. ఒడియా లిపే వస్తే తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో రాయి, వినేవాడికి అమ్మభాష వినబడుతుంది. కాకపోతే ఆఫీసులో చదివే ఒడియా గుమాస్తాకి అక్షరాలు తెలిసీ అర్థం తెలియదు, పక్కన పెట్టేస్తాడు. అందుకని పైన రెండు వాక్యాల ఒడియా సారాంశం ఉంచు: ‘కుశలం అడిగాను. మా ఊరి వాన గురించి, చింతపండు ధర గురించి రాశాను.’ సారాంశంలో లేనిది లోపల ఉండకూడదు.

ప్రతి ఉత్తరానికీ పైన నంబరు, తేదీ వేసి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకో. ‘నీ 5 అందింది, 6 రాలేదు’ అని అతను రాస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. 2016 నమూనా జైలు మాన్యువల్‌లో ఉత్తరాల్లో సొంత, కుటుంబ, న్యాయ విషయాలే ఉండాలని ఉంది. జైలు పాలన, ఇతర ఖైదీలు, రాజకీయాలు కూడదు. ఈ గీత దాటిన ఉత్తరం ఆగిపోవచ్చు. ‘మీ వార్డులో తిండి ఎలా ఉంది, పక్కవాడెవరు’ అని నీ నాయిక అడిగింది చూడు, ఆ కాగితం ఆఫీసు బల్ల దాటదు.

మరి ఏం రాయాలి? వంశధార ఈ వారం ఏ మెట్టు దాకా వచ్చిందో రాయి. రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఆదివారం జనం, గుణుపురం రైల్లో కిటికీ పక్క చోటు కోసం జరిగిన తగువు. లోపల మనిషికి కరువైంది నీతి కాదమ్మా, ఊరు. అతనికి తెలిసిన పని గురించి అడుగు. వెదురు ఎప్పుడు నరికితే పురుగు పట్టదు? చింతపండు పాతదో కొత్తదో ఎలా పోల్చాలి? అడిగేదానివి నువ్వు, చెప్పేవాడు అతను. ఉత్తరానికి రెండు ప్రశ్నలు చాలు, మూడోది పరీక్ష అవుతుంది. పండగ భోజనాల వర్ణన మొదటి ఆర్నెల్లు వద్దు.

మొదటి ఉత్తరంలోనే నీ హద్దులు చెప్పెయ్: డబ్బు పంపలేను, జామీను ఉండలేను, నెలకొకటి ఫలానా తేదీన రాస్తాను. ఆ తేదీ తప్పకు. వారానికొకటి రాసి మూడో నెలలో మానేసేవాళ్ల వల్ల జరిగే చెరుపు, అసలు రాయనివాళ్ల వల్ల జరగదు. జవాబుకి నెల పట్టినా సహజమే. రెండు ఉత్తరాలకి జవాబు లేకపోతే మూడోది మామూలుగానే రాసి, సూపరింటెండెంటుకి ఒక కార్డు వెయ్. వేరే జైలుకి మార్చి ఉండొచ్చు, ఆస్పత్రిలో ఉండొచ్చు, అతనికే రాయాలని లేకపోవచ్చు.

అడగడాలు వస్తాయి. డబ్బు, ఫోన్ నంబరు, ఫలానా ఊళ్లో ఫలానా మనిషికి ఈ మాట చెప్పమనడం, ఒక్కోసారి పెళ్లి. కాదని అదే ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి, వంశధార దగ్గరకి వచ్చెయ్. కబురు మాత్రం ఎంత చిన్నదైనా మోయకు, అది ఎవరికి బెదిరింపో నీకు తెలియదు. వకీలు లేడంటే న్యాయసేవల 15100 నంబరు రాసిపంపు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం నిర్బంధంలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. తనని కొట్టారని రాస్తే పత్రికకి పరుగెత్తకు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకే వెళ్లు. తోటి ఖైదీని హింసించారని తీహార్ జైలు నుంచి సునీల్ బత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే 1979లో సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది.

లోపల రాసినవి బయటికి రానిస్తారా అన్నావు. బొంబాయిలో నిర్బంధంలో ఉండి ప్రభాకర్ పాండురంగ్ సంజ్‌గిరి అణువు మీద మరాఠీలో పుస్తకం రాస్తే ప్రభుత్వం ఆపింది, 1965లో సుప్రీంకోర్టు పంపనిమ్మంది. కానీ నువ్వు అతని ఉత్తరాల్ని నవల్లో పెట్టుకోవడం వేరే సంగతి. కాగితం నీది, మాటలు అతనివి. ఉత్తరం మీద కాపీరైటు రాసినవాడిదే. అతను రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఒక్క వాక్యమైనా వాడు. 1994లో, ఉరిశిక్ష పడ్డ ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, కోర్టు రికార్డుల్లో ఉన్నంతమేర అనుమతి లేకుండా అచ్చువేయవచ్చని, అది దాటి సొంత జీవితంలోకి వెళ్తే బాధ్యత అచ్చువేసినవాళ్లదేనని సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్చాను కదా అనకు. ఊరు, ఏడాది, నేరం అలాగే ఉంచితే గుణుపురం సంతలో ప్రతివాడూ పోల్చుకుంటాడు. అతని చేతిలో చనిపోయిన మనిషికీ ఆ సంతకే వచ్చే అక్కచెల్లెళ్లుంటారు. నీ కథలో వాళ్లు ఒక్క వాక్యంలో కూడా లేరు.

కథ ఇప్పుడే తిరగరాయకు. అరచేతి మీద చిరునామా ఉన్న ఆ తల్లిని మాత్రం విడిగా తీసి దాచు. దరఖాస్తు జైలుకి పంపే ముందు నకలు నాకు పంపు. నా ఒడియా నీ అంత బాగుండదు గానీ, ఆఫీసరుని విసిగించే వాక్యం ఏ భాషలో ఉన్నా పట్టుకుంటాను. ఒక్క కాగితం, 5 రూపాయల స్టాంపు సరిపోతుంది.

ఇట్లు
మాస్టారు