లైసెన్సు సంగతి సర్వర్‌నే అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సర్వర్ లైసెన్సుల గురించే. కొన్న కాగితం, మెయిల్‌లో వచ్చిన కీ చేతిలో ఉన్నాయి కదా, మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు మొరాయిస్తోందన్నదే అందరి బాధ. కాగితం ఏం చెబుతోందన్నది ఒకటి, ఆ మెషీన్ తన గురించి తాను ఏమనుకుంటోందన్నది ఇంకొకటి. ఈ రెండో దాన్ని అడిగి తెలుసుకోకుండా కీలు మార్చుకుంటూ పోతే రోజులు గడుస్తాయి గానీ పని కాదు.

ప్రశ్న: మా విండోస్ సర్వర్ 2019 గంటకోసారి తనంతట తానే ఆగిపోతోంది. ఇవాల్యుయేషన్ (ట్రయల్) వెర్షన్ వేసి ఆరు నెలలు దాటింది. ఇప్పుడు అసలు లైసెన్సు కొన్నాం. సెట్టింగ్స్‌లో కీ కొడితే తీసుకోవడం లేదు. ఆఫీసులో అందరి లాగిన్‌లూ ఈ సర్వర్ మీదే ఉన్నాయి. ఫార్మాట్ చేయక తప్పదా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఫార్మాట్ మాట ఎత్తకండి. గంటకోసారి ఆగడం హార్డ్‌వేర్ జబ్బు కాదు. ఇవాల్యుయేషన్ గడువు 180 రోజులు. అది దాటితే మెషీన్ అలా ఆగిపోయేలా మైక్రోసాఫ్టే పెట్టింది. ఇది తెలియక పవర్ సప్లై మార్చి, ర్యామ్ మార్చి అలసిపోయినవాళ్లను చూశాను.

మీ కీ తప్పు అని కూడా అనుకోకండి. సెట్టింగ్స్‌లో ఉన్న ఆ పెట్టె కీని మార్చగలదు గానీ ఎడిషన్‌ను (స్టాండర్డ్, డేటాసెంటర్ లాంటి రకాన్ని) మార్చలేదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిజమ్ /ఆన్‌లైన్ /గెట్-కరెంట్‌ఎడిషన్ అని కొట్టండి. 'సర్వర్‌స్టాండర్డ్‌ఇవాల్' అని వస్తే, చివర ఉన్న ఆ 'ఇవాల్' పోవాలన్నమాట. అందుకు అదే డిజమ్‌తో సెట్-ఎడిషన్ ఇచ్చి, కీ జతచేసి, ఒప్పందానికి అంగీకారం తెలిపే యాక్సెప్ట్-యూలా కూడా కలిపి నడపాలి. స్టాండర్డ్ ఇవాల్యుయేషన్ నుంచి స్టాండర్డ్‌కైనా డేటాసెంటర్‌కైనా వెళ్లొచ్చు. డేటాసెంటర్ ఇవాల్యుయేషన్ నుంచి మాత్రం డేటాసెంటర్‌కే. మీ కీ ఏ ఎడిషన్‌దో ముందు సరిచూసుకోండి.

అసలు చిక్కు మీ ఉత్తరంలోని ఇంకో వాక్యంలో ఉంది. అందరి లాగిన్‌లూ దీని మీదే అన్నారంటే ఇది డొమైన్ కంట్రోలర్, అంటే ఆఫీసు లాగిన్‌లన్నిటినీ సరిచూసే సర్వర్. డొమైన్ కంట్రోలర్‌గా ఉన్న ఇవాల్యుయేషన్ సర్వర్‌ను ఇలా మార్చడం కుదరదు. అసలు లైసెన్సుతో ఇంకో సర్వర్ వేయండి, వర్చువల్ మెషీన్ అయినా సరే. దాన్ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా చేర్చి, రెప్లికేషన్ (పాతదాని సమాచారం కొత్తదానికి చేరడం) పూర్తయిందని నిర్ధారించుకుని, ఎఫ్ఎస్ఎంఓ రోల్స్ (ఒక్కోటీ ఒక్క డొమైన్ కంట్రోలరే చేసే ప్రత్యేక బాధ్యతలు) అయిదింటినీ దాని మీదికి మార్చండి. డీఎన్ఎస్ (మెషీన్ల పేర్లకు చిరునామాలు చెప్పే సర్వీసు) పాతదాని మీదే ఉంటే క్లయింట్లకు కొత్త చిరునామా అందేలా చూడండి. ఆ తర్వాతే పాతదాన్ని డిమోట్ చేయాలి, అంటే డొమైన్ కంట్రోలర్ బాధ్యత నుంచి తప్పించాలి. డిమోట్ చేశాక కావాలంటే దాన్నీ డిజమ్‌తో మార్చుకోవచ్చు.

గంటకోసారి ఆగే మెషీన్ మీద ఇదంతా ఎలా అంటారా? విండోస్ లైసెన్సు వివరాలు చూపే ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీ కమాండ్ కొట్టండి. వచ్చే పెట్టెలో కింది వరుసల్లో 'రిమైనింగ్ విండోస్ రీఆర్మ్ కౌంట్' ఉంటుంది. అది సున్నా కాకపోతే ఎస్ఎల్ఎంజీఆర్ /రీఆర్మ్ ఇచ్చి రీస్టార్ట్ చేయండి, గడువు మళ్లీ మొదలవుతుంది. ఇది పని నింపాదిగా చేసుకోవడానికి దొరికే వ్యవధి, అంతే. దాన్ని చూసుకుని పని వాయిదా వేయకండి. ముందుగా సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీయండి. దీనికి మినహాయింపు లేదు.

ప్రశ్న: మా డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెన్యూ చేశాం. కొత్త ఫైల్‌ను పాత ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టాం. అయినా యూజర్లకు పాత గడువే కనిపిస్తోంది. పైగా వచ్చే నెల లైసెన్సు సర్వర్‌ను వర్చువల్ మెషీన్ మీదికి మార్చాలనుకుంటున్నాం.

ఫైల్ పెట్టినంత మాత్రాన సరిపోదు, సర్వీసు దాన్ని చదవాలి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఎల్ఎంజీఆర్‌డీ అని ఉంది కాబట్టి అది ఫ్లెక్స్‌నెట్ పద్ధతి, అంటే సర్వర్ నుంచి యూజర్లకు లైసెన్సులు పంచే పద్ధతి; ఎల్ఎంజీఆర్‌డీ దాని సర్వీసు. ఎల్ఎమ్‌రీరీడ్ కమాండ్ ఇస్తే కొత్త ఫైల్‌ను చదువుకుంటుంది. ఫైల్‌లోని మొదటి వరుసలో సర్వర్ పేరు గానీ పోర్టు గానీ మారి ఉంటే రీరీడ్ చాలదు, సర్వీసును ఆపి మళ్లీ నడపాలి. తర్వాత ఎల్ఎమ్‌స్టాట్ -ఏ కొట్టి సర్వర్ ఏం చెబుతోందో చూడండి.

సర్వర్ కొత్త తేదీ చెబుతున్నా యూజర్‌కు పాతదే వస్తుంటే, యూజర్ మెషీన్ ఇంకెక్కడో చూస్తోందని అర్థం. ఎల్ఎమ్_లైసెన్స్_ఫైల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఎప్పుడో ఎవరో పెట్టిన పాత దారి మిగిలిపోయి ఉంటుంది. నేను మొదట వెతికేది అక్కడే, చాలాసార్లు దొరికేదీ అక్కడే.

ఇక మార్పిడి సంగతి. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, 'సర్వర్' అని మొదలయ్యే వరుస చూడండి. పేరు తర్వాత పన్నెండు అక్షరాల ముక్క ఉంటుంది. అది సాధారణంగా నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డు గుర్తింపు సంఖ్య), మధ్యలో గీతలు లేకుండా. కింద ప్రతి ఫీచర్ వరుస చివరా ఉండే పొడవాటి సంతకం ఈ ముక్కతో ముడిపడి ఉంటుంది. కాబట్టి దాన్ని మీరు దిద్దితే మొత్తం ఫైలే చెల్లకుండా పోతుంది. కొత్త మెషీన్‌లో ఎల్ఎమ్‌హోస్ట్‌ఐడీ నడిపి, వచ్చిన ఐడీని అమ్మకందారుకు పంపి, ఫైల్‌ను రీహోస్ట్ చేయించుకోండి, అంటే కొత్త ఐడీతో మళ్లీ రాయించుకోండి. మార్చే రోజున కాదు, ఇప్పుడే అడగండి.

వర్చువల్ మెషీన్‌కు మ్యాక్ అడ్రస్‌ను స్టాటిక్‌గా పెట్టడం మరవకండి. ఒక చోట జరిగింది చెబుతాను. లైసెన్సు సర్వర్ ఉన్న హోస్ట్ (వర్చువల్ మెషీన్లు నడిచే అసలు కంప్యూటర్) పాడైంది. ఫైళ్లు ఇంకో హోస్ట్ మీదికి తెచ్చి ఆన్ చేస్తే 'దీన్ని తరలించారా, కాపీ చేశారా' అని వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ వీఎమ్‌వేర్ అడిగింది. 'కాపీ చేశాను' అని నొక్కారు. దాంతో కొత్త మ్యాక్ వచ్చింది, లైసెన్సు పోయింది. పాత అడ్రస్ ఎక్కడా రాసి పెట్టలేదు గానీ, లైసెన్సు ఫైల్‌లోనే అది కనబడింది. దాన్నే చేత్తో పెట్టాక సర్వీసు లేచింది.

ఫైర్‌వాల్ ఉంటే మరొకటి. ఎల్ఎంజీఆర్‌డీ పోర్టు తెరిస్తే చాలదు. వెండర్ డీమన్‌కు (ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సొంత సర్వీసుకు) వేరే పోర్టు ఉంటుంది, చెప్పకపోతే ప్రతిసారీ కొత్తది ఎంచుకుంటుంది. వెండర్ వరుసలో పోర్టు నంబరు ఖాయం చేసి, ఆ రెండూ తెరవండి.

ప్రశ్న: కేఎంఎస్ (ఆఫీసులోని విండోస్ మెషీన్లను యాక్టివేట్ చేసే సర్వీసు) పెట్టాం. విండోస్ సర్వర్లు ఆరు ఉన్నా 'కౌంట్ చాలదు' అంటోంది. అయిదు చాలన్నారు కదా?

అయిదు చాలు. అయితే ఆ ఆరు వేర్వేరు మెషీన్లని కేఎంఎస్ గుర్తించాలి. ఒకే టెంప్లేట్ నుంచి సిస్‌ప్రెప్ (నకలుకు ముందు మెషీన్ సొంత గుర్తులు తుడిచే పని) చేయకుండా క్లోన్ చేసి ఉంటే అన్నిటికీ ఒకే సీఎంఐడీ (మెషీన్ గుర్తింపు సంఖ్య) ఉంటుంది, కేఎంఎస్ లెక్కలో అవన్నీ ఒకటే. ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్‌వీలో సీఎంఐడీ కనిపిస్తుంది, రెండు మెషీన్లలో పోల్చి చూడండి. క్లోన్లయితే ఒక్కోదాంట్లో రీఆర్మ్ ఇచ్చి రీస్టార్ట్ చేసి, మళ్లీ యాక్టివేట్ చేయండి. 1688 పోర్టు తెరిచి ఉండాలి. గడియారాల మధ్య తేడా నాలుగు గంటలు మించకూడదు. సర్వర్ల సంఖ్య నిజంగానే అయిదు లోపుంటే ఎంఏకే (ఒకే కీతో పలు మెషీన్లను యాక్టివేట్ చేసే మల్టిపుల్ యాక్టివేషన్ కీ) గానీ, యాక్టివ్ డైరెక్టరీ ద్వారా యాక్టివేషన్ గానీ వాడండి, వాటికి ఈ లెక్క లేదు.

ప్రశ్న: లైసెన్సు గడువు దాటితే సర్వర్ వెంటనే ఆగిపోతుందా? మా దగ్గర ఈ పనులు చూసే ఆయన మానేశారు. రెన్యువల్ మెయిల్స్ ఆయనకే వెళ్లేవి.

ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. రెడ్‌హ్యాట్ లినక్స్ సబ్‌స్క్రిప్షన్ అయిపోతే సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, అప్‌డేట్లు ఆగుతాయి. దాన్నే నేను ఎక్కువ ప్రమాదం అంటాను, ఎందుకంటే ఎవరూ గమనించరు. వీఎమ్‌వేర్ వారి వీస్పియర్‌లో ఇవాల్యుయేషన్ గడువు ముగిస్తే నడుస్తున్న వర్చువల్ మెషీన్లు నడుస్తూనే ఉంటాయి, ఒకసారి ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేయనివ్వదు. రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ లైసెన్సు పెట్టకపోయినా మొదటి 120 రోజులు ఊరుకుని, తర్వాత కనెక్షన్లు తిరస్కరిస్తుంది. అడ్మిన్‌గా లోపలికి వెళ్లడానికి ఎంఎస్‌టీఎస్‌సీ /అడ్మిన్ అనే కమాండ్ దారి ఉంటుంది.

ఇంకో సంగతి, సర్వర్‌ను అడిగినా చెప్పనిది. విండోస్ సర్వర్‌కు లైసెన్సు కోర్ల లెక్కన తీసుకోవాలి, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 8, ఒక్కో సర్వర్‌కు కనీసం 16. యూజర్లకు సీఏఎల్‌లు (సర్వర్‌ను వాడుకునే హక్కు ఇచ్చే లైసెన్సులు) వేరు. యాక్టివేషన్ అయిందంటే ఇవన్నీ సరిపోయాయని కాదు, అది కొనుగోలు కాగితాల్లోనే తేలాలి.

మానేసిన ఆయన సంగతికొస్తే, ముందు ఆ మెయిల్ ఐడీ మూసేయించకండి, అడ్మిన్ టీమ్‌కు ఫార్వర్డ్ పెట్టించండి. తర్వాత ప్రతి అమ్మకందారు పోర్టల్‌లోనూ కాంటాక్ట్‌గా వ్యక్తి పేరు తీసేసి, ఇద్దరు ముగ్గురు చూసే గ్రూప్ మెయిల్ పెట్టండి. పోర్టల్ పాస్‌వర్డ్ దొరక్కపోతే కొనుగోలు ఆర్డర్ నంబరుతో సపోర్ట్‌ను అడిగితే ఖాతాను మీ పేరుకు మారుస్తారు. కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి అన్నిటికంటే దగ్గరి గడువు ఉన్నదాంతో మొదలుపెట్టండి.