ఆ సంతకం గడి తీసెయ్ తల్లీ

చిట్టితల్లికి, ప్రభువు నామంలో మీ అత్త దీవెనలు.

పాస్టర్ల పిల్లల చదువుకోసం సొసైటీ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. కాసేపు నాకు మాట రాలేదు. పాస్టరైన మీ తాతగారు చనిపోయాక నెల తిరక్కుండానే చర్చివాళ్లిచ్చిన ఇల్లు, పార్సనేజ్, ఖాళీ చేసి, నాలుగు ట్రంకుపెట్టెలు బండి మీద వేసుకుని బయటికొచ్చిన పిల్లలం మేము. పాస్టర్ అయ్యగారు పోతే జీతంతోపాటు ఇల్లూ పోతుంది.

రిజిస్ట్రేషన్‌కి 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు కావాలి. సొసైటీ పేరున పాన్, బ్యాంకు ఖాతా, ఏటేటా ఆడిట్. దాతలకి పన్ను రాయితీ కోసం 80జి అని పిలిచే ఆదాయపు పన్ను శాఖ అనుమతి. విదేశీ విరాళాలకి కేంద్రం ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా విదేశీ డబ్బు ముట్టుకోకు, అమెరికా సిటిజన్ అయిన మీ అన్నయ్య పంపుతానన్నా సరే. మిగతావి ఆడిటర్ చెబుతాడు.

ఆడిటర్ చెప్పనిది ఒకటుంది. ముప్పై ఏళ్ల కిందట మా దగ్గర ఇలాంటి నిధికి నేనే సెక్రటరీని. ప్రతి అప్లికేషన్ మీదా చర్చి వ్యవహారాలు నడిపే పాస్టరేట్ కమిటీ సంతకం ఉండాలని రూల్ పెట్టిందీ నేనే. ఒక అయ్యగారు కానుకల లెక్క చెప్పమని ఆ కమిటీని ఆరాధన అయ్యాక అందరిముందూ అడిగారు. ఆ తర్వాత ఆయనకి జీతం సరిగా అందలేదు. ఆయన కూతురికి నర్సింగ్ సీటు వచ్చింది. ఫారం పట్టుకొచ్చింది, సంతకం గడి ఖాళీ. "వాళ్లు పెట్టరు ఆంటీ" అంది. "రూల్ అందరికీ ఒకటేనమ్మా, ఇంకోసారి అడుగు" అన్నాను. మజ్జిగ ఇచ్చి పంపించాను. ఫీజు గడువు దాటిపోయింది. ఆ ఏడు క్రిస్మస్ బట్టలకి వెళ్తే కౌంటర్ వెనక చీరలు మడతపెడుతూ కనిపించింది. "వందనాలు ఆంటీ" అని నవ్వింది. చీర కొనకుండా వచ్చేశాను.

లండన్‌లో 1655లో ఇలాంటి సాయం ఎలా మొదలైందో తర్వాతెప్పుడో చదివాను. రాజు లేకుండా ఇంగ్లండ్‌ని క్రామ్‌వెల్ ఏలిన కాలంలో పాత ప్రార్థనపద్ధతి వదలనందుకు ఉద్యోగాలు పోయిన పాదిరీలు ఎందరో. వాళ్ల కుటుంబాల కోసం పాదిరీల కొడుకులే, కొందరు వ్యాపారులు, కొందరు తామూ పాదిరీలే, చేతులు కలిపారు. 1678లో రాజు రెండో చార్లెస్ చార్టర్ ఇచ్చాడు. ఇప్పటికీ నడుస్తోంది. పైవాళ్లకి గిట్టని పాదిరీల పిల్లల కోసం పుట్టిన సాయం అది. నేను సరిగ్గా అలాంటి పిల్లనే గుమ్మంలో ఆపేశాను.

నువ్వు ఆ గడి పెట్టకు. అనుమానముంటే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లు, వాళ్లమ్మతో మాట్లాడు. ఫీజు నేరుగా కాలేజీకే కట్టు. గడువు ముంచుకొస్తే మీటింగ్ దాకా ఆగకుండా ఇద్దరు సభ్యులు మంజూరు చేసేలా సొసైటీ నియమాల్లో, అదే బైలాస్‌లో, రాయించు, ఇప్పుడే, రిజిస్ట్రేషన్‌కి ముందే. ఏడుగురిలో అయిదుగురు పాస్టర్లేనట, ఏం పిల్లవే నువ్వు? భర్త పోయి ఇల్లు ఖాళీ చేసిన అమ్మగారు ఒక్కరూ గుర్తురాలేదా?

కోప్పడ్డానని బెంగపెట్టుకోకు. టెన్షన్‌లో పడి తిండి మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది, వేళకి తిను. నా పెన్షన్‌లో పదివేలు విడిగా ఉంచాను. ఖాతా తెరవగానే నంబరు పంపు. నర్సింగ్ పిల్ల ఎవరైనా వస్తే ముందు ఆ డబ్బే వాడు, వాడాక నాకోసారి ఫోన్ చెయ్యి.

మీ అత్త