వీసీ గారి వీడ్కోలు సభ పని మొదలుపెట్టే ముందు

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

అమ్మాయీ, మీ వీసీ గారి వీడ్కోలు సభకు నిన్ను కన్వీనర్‌గా వేశారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విశ్వవిద్యాలయం కొలువులో ఇలాంటి సభలు చాలా నడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. హాలు, పూలు, భోజనాలు ఎవరైనా చూసుకుంటారు. నువ్వు పట్టుబట్టవలసింది ఒక్కటే. ఆ సభలో ఆయన చేసిన పని కనబడాలి, ఆయన కూర్చున్న కుర్చీ కాదు.

అందుకని ముందు సన్మాన పత్రం పట్టుకో. దాన్ని ఆఖరి రోజున తెలుగు శాఖలో ఎవరికో అప్పజెప్పడం మన దగ్గర అలవాటు. అప్పుడు వచ్చేది ‘బహుముఖ ప్రజ్ఞాశాలి, అజాతశత్రువు, విద్యావేత్త’. ఆ పత్రంలో పేరు మార్చి మరొకరికి చదివినా సరిపోతుందంటే అది ఆయనది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారిని తలచుకో. బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా 1930లో పదవి వదులుకున్నారు, 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా నడిపించారు. ఈ ఒక్క వాక్యం పక్కన ఏ విశేషణమైనా వెలవెలబోతుంది. మీ వీసీ గారి విషయంలోనూ అలాంటి వాక్యాలు వెతుకు. పాలకమండలి సమావేశాల మినిట్స్, వార్షిక నివేదికలు తిరగెయ్యి. పరీక్షల విభాగానికి వెళ్లి ఫలితాలు ఆయన రాకముందు ఎన్ని నెలలకు వచ్చేవో, ఇప్పుడెన్నాళ్లకు వస్తున్నాయో తేదీలతో రాసుకో. హాస్టల్ మెస్‌లో వంట చేసేవాళ్లను, లైబ్రరీ అటెండర్లను, ఆయన డ్రైవరును అడుగు. ఆచార్యులు చెప్పేది ఎలాగూ వేదిక మీద వింటాం. అర్ధరాత్రి హాస్టల్లో నీళ్లు ఆగిపోతే ఎవరు వచ్చి నిలబడ్డారో చెప్పగలిగేది వీళ్లే.

కాక మిగిలిపోయినవి కూడా ఉంటాయి. ఖాళీ పోస్టులు భర్తీ కాలేదు, ఆ సంగతి సభలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ‘అన్నీ సాధించారు’ అని రాస్తే మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు. మూడేళ్ల పదవీకాలంలో ఆయన దేనికోసం పోరాడారో, ఏది అందలేదో గౌరవంగా ఒక వాక్యంలో పెట్టు. మంచి పాలకుడు దానికి నొచ్చుకోడు.

డబ్బు విషయంలో కచ్చితంగా ఉండు. జీతాల్లో కోత పెట్టి చందా వసూలు చేయవద్దు. కాంట్రాక్టు సిబ్బంది దగ్గర, దినవేతన కార్మికుల దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు, వాళ్లను అతిథులుగా పిలువు. అనుబంధ కళాశాలల యాజమాన్యాల డబ్బు అసలే వద్దు. రేపు అఫిలియేషన్ తనిఖీకి వెళ్లవలసింది మీ ఆఫీసువాళ్లే కదా! ఇష్టపడి ఇచ్చినవాళ్లకు రసీదు ఇవ్వు, లెక్క నోటీసు బోర్డు మీద పెట్టు. బంగారం, వెండి బహుమతుల మాట ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపెయ్యి. మిగిలిన సొమ్ము తగినంత ఉంటే డిపాజిట్ చేసి, వడ్డీతో ఏటా పేద విద్యార్థికి పుస్తకాలు కొనే నిధి పెట్టవచ్చు. దానికి పాలకమండలి ఆమోదం కావాలి కాబట్టి కాగితం ఇప్పుడే కదిలించు.

శాలువాల సంగతి. ఒక్కో కళాశాల, ఒక్కో సంఘం వరుసలో నిలబడి శాలువా కప్పి ఫోటో దిగడంతో సాయంత్రమంతా గడిచిపోతుంది, మాట్లాడవలసినవాళ్లకు సమయం ఉండదు. అందరి తరఫున ఒకే శాలువా చాలు, అదీ చేనేతది కొను. తక్కినవాళ్లను తలా ఒక పుస్తకం తెచ్చి లైబ్రరీకి ఇవ్వమను. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, అలిగేవాళ్ల ఇంటికి నువ్వే వెళ్లి మాట్లాడు.

తొలి ప్రసంగం ఒక విద్యార్థితో చేయించు. వీలైతే వాళ్లింట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న పిల్లతో. రాసిచ్చినది చదివించవద్దు. ఆయనతో గొడవపడిన సంఘాల నాయకులను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టు. వాళ్లలో ఒకరు లేచి ‘మాకు విభేదాలున్నాయి, కానీ మా మాట విన్నారు’ అంటే ఆయనకు అంతకుమించిన సన్మానం ఉండదు. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వదిలి కలకత్తా వెళ్తున్నప్పుడు పూలతో అలంకరించిన బండిని విద్యార్థులే స్టేషన్ దాకా లాగారు. అటువంటి ప్రేమ సర్క్యులర్ వేస్తే రాదు. కనక హాజరు తప్పనిసరి అని క్లాసులు ఆపి పిల్లలను తోలుకొచ్చే పని ఎవరు చెప్పినా చేయవద్దు. సగం నిండిన హాలైనా ఫరవాలేదు.

తేదీ ఆయన్నూ వాళ్లావిడనూ అడిగి ఖాయం చెయ్యి. చివరి రోజున మాత్రం పెట్టవద్దు. ఆ రోజు ఆయన స్థానంలో ఇన్‌ఛార్జి వీసీని వేస్తూ ఉత్తర్వులు వచ్చాయంటే సగం మంది పూలదండలతో అటు పరుగెడతారు. ఆ దృశ్యం ఆయన చూడకూడదు. వారం ముందే జరిపించు.

ఇంకొకటి, సభకన్నా నాకు ముఖ్యమైనది. బకాయిలు లేవన్న ధ్రువపత్రం, పింఛను కాగితాలు, సెలవుల లెక్క ఆయన దిగిపోయేలోపు పూర్తయ్యేలా చూడు. సంతకాల కోసం మాజీ ఉపకులపతులు తమ కింద పనిచేసిన గుమాస్తా బల్ల దగ్గర నిలబడడం నేను చూశాను. శాలువా కప్పిన చేతులే ఫైలు తొక్కిపెట్టడం కన్నా అవమానం లేదు.

తర్వాతి ఏళ్లలో ఆయన పేరిట ఏం చేయాలని కమిటీలో చర్చ వస్తుంది. భవనానికి పేరు పెడదామంటారు. తొందరపడవద్దని చెప్పు. జి. రాంరెడ్డి గారు 1982లో మన సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయానికి, అంటే ఇప్పటి అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయనే తొలివారు. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అక్కడ తెరుచుకుంది. 1995లో ఆయన పోయారు. హైదరాబాదులో ఆయన పేరిట స్మారకోపన్యాసాలు జరుగుతూ వచ్చాయి, దూరవిద్య గురించి ఆలోచించేవాళ్లు అక్కడ మాట్లాడతారు. మీ వీసీ గారు దేనికోసం తపించారో ఆ విషయం మీదే ఏటా ఒక ఉపన్యాసం పెట్టించగలిగితే అదే మేలు. ఆయన ఆరోగ్యంగా ఉండగానే మొదలుపెడితే ముందు వరుసలో కూర్చుని వింటారు, ప్రశ్నలూ వేస్తారు.

సన్మాన పత్రం ముసాయిదా తయారయ్యాక నాకు పోస్టులో పంపు, ఫోనులో చదవడానికి నా కళ్లు సహకరించడం లేదు. అక్షరాలు కాస్త పెద్దవిగా వేయించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య