'చెప్పెను' అంటేనే బైబిలా?

సందేహం: మా సంఘంలో మొదటినుంచీ పాత అనువాదమే చదువుతాం. ఈమధ్య కుర్రాళ్లు ఫోన్లలో కొత్త తెలుగు బైబిళ్లు చదువుతున్నారు. వాటిలో 'యేసు చెప్పెను' బదులు 'యేసు అన్నాడు' అని ఉంటోంది. అలా రాయడం దేవుడికి అమర్యాద అనీ, పాత భాషే దైవవాక్యపు భాష అనీ, పైగా కొత్తవాటిలో వచనాలు తీసేశారనీ పెద్దలు అంటున్నారు. బైబిల్ స్టడీ అంటే చాలు అందరికీ టెన్షన్. భాష తెలిసినవారు మీరే చెప్పండి, ఏది నమ్మదగింది? ఇంకొకటి, ప్రార్థనలో దేవుణ్ణి 'మీరు' అనాలా, 'నీవు' అనాలా? – గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ఒకటే ప్రశ్న అనుకుంటున్నారు గానీ ఇందులో రెండు మూడు తగాదాలు కలిసిపోయాయి. మీ బైబిల్ స్టడీలో గొడవ తెగకపోవడానికి కారణం కూడా అదే అయుంటుంది. ఒకరు మర్యాద గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు వచనాల గురించి జవాబు చెబుతుంటారు.

ముందు 'చెప్పెను' సంగతి చూద్దాం. ఆ '-ఎను'లో మర్యాదా లేదు, అమర్యాదా లేదు. అతడు చెప్పెను, ఆయన చెప్పెను, ఆమె చెప్పెను, అది చెప్పెను, అన్నిటికీ ఒకటే రూపం. ఆదికాండము మూడో అధ్యాయంలో సర్పం స్త్రీతో మాట్లాడిన చోట ఉన్నది కూడా 'అడిగెను' అనే. దేవుడికి వాడిన ప్రత్యయమే పాముకూ వాడారు, ఎవరూ ఏమీ అనుకోలేదు. వాడుక భాషలోకి వచ్చేసరికి ఆ వెసులుబాటు పోయింది. 'అన్నాడు' అనాలి, లేకపోతే 'అన్నారు' అనాలి, మధ్యేమార్గం లేదు. అంటే కొత్త అనువాదకులు కావాలని మర్యాద తగ్గించలేదు, పాత భాషలో తప్పించుకోగలిగిన ఎంపిక వాళ్ల నెత్తిన పడింది. ఈమధ్య వచ్చిన వాటిలో కొన్ని దేవుడికి '-ఆరు' కూడా వాడుతున్నాయి, అది కావాలనుకునేవాళ్లకు అదీ దొరుకుతుంది.

పోనీ 'ఆయన' అని చెప్పి '-ఆడు'తో ముగించడం తప్పా? మీ పెద్దల్ని 23వ కీర్తన ఒకసారి చూడకుండా చెప్పమనండి. అందరికీ కంఠతా వచ్చేదే కదా. 'పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు, శాంతికరమైన జలములయొద్ద నన్ను నడిపించుచున్నాడు.' ఇది పాత అనువాదమే. ఇందులో 'ఆయన'కు '-ఉన్నాడు' వచ్చింది, '-ఉన్నారు' రాలేదు. నిన్న మొన్నటిదాకా కోస్తా జిల్లాల్లో 'మా నాన్న వచ్చాడు', 'ఆయన ఊళ్లో లేడు' అనడం మామూలు మాట, అందులో గౌరవం తక్కువేం లేదు. బళ్లూ ఆఫీసులూ టీవీలూ వచ్చాక '-ఆరు' పెరిగి, ఇప్పటి చెవికి '-ఆడు' మొరటుగా వినిపిస్తోంది. చెవి మారింది, వ్యాకరణం తప్పలేదు. మీకు ఇబ్బందిగా ఉంటే ఉండవచ్చు, దాన్ని కాదనను. కానీ ఆ కారణంతో ఎదుటివాడి చేతిలో ఉన్నది బైబిలే కాదు అనడానికి మాత్రం పాత అనువాదమే ఒప్పుకోదు.

ఇక 'దైవవాక్యపు భాష' అన్న మాట. తెలుగులో మొత్తం బైబిలు అచ్చయింది 1854లో. అంతకుముందు, 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, విశాఖపట్నంలో ఉన్న మిషనరీలు తర్జుమా చేసినవి. ఆ రోజుల్లో పుస్తకం అంటే గ్రాంథికమే, కాబట్టి బైబిలూ ఆ భాషలోనే వచ్చింది. భక్తి వల్ల ఎంచుకున్నది కాదు, అప్పుడు వేరే దారి లేదు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడేనాటికి బైబిలు భాష ఒక దారిన పడి, తరవాత దిద్దుబాట్లు జరిగినా ఆ దారి వదల్లేదు.

దీన్ని మించిన సంగతి ఇంకొకటుంది. కొత్త నిబంధన మూలం గ్రీకు గదా. ఆ గ్రీకు పాత కవులు రాసిన గ్రీకులా లేదేమిటని పండితులు చాలాకాలం తలపట్టుకున్నారు, కొందరైతే ఇది ప్రత్యేకంగా పరిశుద్ధాత్మ భాష అన్నారు. 19వ శతాబ్దం చివర్లో ఈజిప్టు ఇసుకలో పాపిరస్ కాగితాలు గుట్టలుగా బయటపడ్డాయి, రసీదులు, అప్పు పత్రాలు, ఇంటికి రాసుకున్న ఉత్తరాలు. వాటిలో ఉన్నదీ అదే గ్రీకు. అంటే సువార్తలు రాసినవాళ్లు బజారులో మాట్లాడే భాషలోనే రాశారన్నమాట. వాడుక భాషలో రాస్తే పవిత్రత పోతుందనే వాదన మూలం దగ్గరే నిలబడదు.

వచనాలు తీసేశారన్న మాట దగ్గరికి వద్దాం, ఇది భాషకు సంబంధించింది కాదు, చేతిరాత ప్రతులకు సంబంధించింది. ఇంగ్లీషులో 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలే అసలైనదనే వర్గం అమెరికాలో బలంగా ఉంది, మన దగ్గర ఈ వాదన చేసేవాళ్లు చాలామంది ఆ మాటలే తెలుగులో చెబుతున్నారు. వాళ్లు తరచూ ఎత్తిచూపే చోటు యోహాను మొదటి పత్రిక 5:7. కింగ్ జేమ్స్‌లో అక్కడ పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే వాక్యం ఉంది. పాత గ్రీకు ప్రతుల్లో అది లేదు. ఎరాస్మస్ అనే డచ్ పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేసినప్పుడు వదిలేశాడు, 1519లోనూ వదిలేశాడు, చాలా విమర్శలు పడ్డాక 1522లో చేర్చాడు. ఇప్పుడు మీ మందిరంలో ఉన్న తెలుగు పాత అనువాదమే తెరిచి చూడండి. 'సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును' అని ఉంటుంది. తండ్రి, వాక్యము అన్న మాటలు ఆ చోట లేవు. కొత్తవాటి మీద వేస్తున్న నింద పాతదానికీ అంటుతుంది, ఎవరూ పట్టించి చూడలేదంతే. ఆ 1611 అనువాదకులైతే తమ ముందుమాటలో, ఎంత సాదాసీదా అనువాదమైనా దైవవాక్యమే అని రాసుకున్నారు. వాళ్ల పేరు చెప్పి కొట్టుకునేవాళ్లకు అది చదివే తీరిక ఉండదు.

ఈ పోట్లాట మీ జిల్లాలో పుట్టింది కాదులెండి. క్రీస్తుశకం 403 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికాలో బిషపుగా ఉన్న అగస్టీన్, బైబిలు పండితుడు జెరోముకు రాసిన ఉత్తరం ఒకటుంది. ఓయియా అనే ఊళ్లో, అంటే ఇప్పటి లిబియాలోని ట్రిపోలీలో, అక్కడి బిషపు, జెరోము చేసిన కొత్త లాటిన్ అనువాదం నుంచి యోనా గ్రంథం చదివించాడట. యోనాకు నీడనిచ్చిన మొక్క అంతవరకూ వాళ్లు విన్నది సొరపాదు, జెరోము దాన్ని ఐవీ తీగ చేశాడు. జనం లేచి గోల చేశారు, బిషపు దగ్గర జనమే మిగలరేమో అన్నంత పని అయింది, చివరికి ఆయన పాత మాటే పెట్టుకున్నాడు. మన తెలుగులో అక్కడ 'సొరచెట్టు' అని ఉంది. మన ఊళ్లలో సొరపాదు అంటాం గానీ సొరచెట్టు అనడం అరుదు, ఆ మాట నాకు ఎప్పుడూ కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. హీబ్రూలో ఉన్న మొక్క ఆముదపు చెట్టు అయివుండవచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. ఆముదపు చెట్టు అంటే త్వరగా ఎదుగుతుంది, ఆకులు వెడల్పు, కథకు బాగా అతుకుతుంది.

ఇంతా చెప్పి కొత్తవాటికి ఓటేస్తున్నానని కుర్రాళ్లు సంబరపడనక్కర్లేదు. సులువు చేయడమే పనిగా పెట్టుకున్న అనువాదాల్లో ఒక పొడుగు వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి, మూలంలో లేని వివరణను వచనంలోనే కలిపేసే అలవాటు ఉంది. 'నాకు లేమి కలుగదు' అన్న మాటలోని పొందికను 'నాకు ఏ కొరతా ఉండదు' అందుకోలేదు. పైగా 'సేదదీర్చు', 'లేమి' లాంటి మాటల్ని బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా తడుముకోకుండా పలుకుతున్నారంటే అది ఈ పాత బైబిలు పుణ్యమే.

కాబట్టి కంఠతా పట్టడానికీ, గుంపుగా చదవడానికీ పాతదే ఉంచుకోండి, పిల్లలకు అర్థం చెప్పేటప్పుడు పక్కన కొత్తది పెట్టుకోండి. ఏ అనువాదమైనా కొనేముందు ముందుమాట చదవండి. హీబ్రూ, గ్రీకుల నుంచి చేశారా, ఇంగ్లీషు నుంచి చేశారా, ఒక్క శాఖవాళ్లే చేశారా, నలుగురు కూర్చుని చేశారా అన్నది అందులో ఉండాలి. అసలు చెప్పకపోతే అనుమానించడంలో తప్పులేదు. కతోలికుల బైబిల్లో 66 బదులు 73 గ్రంథాలు ఉండటం, బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అనడం వేరే సంగతి, అది తెలుగు పండితుడు తీర్చే తగువు కాదు.

ప్రార్థన విషయానికి వస్తే, 'నీవు' అనండి. తెలుగులో దేవుణ్ణి, తల్లిని నువ్వు అనే పిలుస్తాం, రామదాసు కోప్పడినా అన్నమయ్య లాలించినా ఆ పిలుపే. ఇందాకటి కీర్తనలో కూడా లోయలోకి దిగగానే 'ఆయన' పోయి 'నీవు నాకు తోడై యుందువు' అని వస్తుంది. మీ ఇంట్లో పిల్లలు 'ప్రభువా, మీరు' అని మొదలుపెడితే మాత్రం మధ్యలో ఆపి దిద్దకండి.