డిప్యూటీ లెఫ్టినెంట్ 'ఉప సేనాని' అవుతారా?

సందేహం: ఇంగ్లండులో స్థిరపడిన ఒక తెలుగు డాక్టరమ్మను అక్కడి కౌంటీకి డిప్యూటీ లెఫ్టినెంటుగా నియమించారట. ఆ వార్తను ఒక పత్రిక 'ఉప సేనాని' అని, మరొకటి 'ఉప గవర్నర్' అని రాశాయి. ఆవిడ సైన్యంలో చేరినట్టా? లెఫ్టినెంట్ అనాలా, ల్యూటెనెంట్ అనాలా? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: అమ్మా, ఆవిడ సైన్యంలో చేరలేదు. ఇంగ్లండులో ఒక్కో కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి ప్రాంతానికి, రాజుగారి తరఫున ఒక లార్డ్ లెఫ్టినెంట్ ఉంటారు. రాజకుటుంబీకులు వస్తే ఎదురేగి స్వాగతం చెప్పడం, రాజుగారి పేరిట పతకాలు అందజేయడం, కొత్తగా పౌరసత్వం పొందినవాళ్ల వేడుకకు హాజరు కావడం వంటివి ఆయన పనులు. అన్నిచోట్లకీ ఒక్కరే వెళ్లలేరు కాబట్టి కౌంటీ జనాభాను బట్టి కొందరు డిప్యూటీలు ఉంటారు. వాళ్లను నియమించేది లార్డ్ లెఫ్టినెంటే, రాజుగారు వద్దనకపోతే చాలు. జీతం ఉండదు. 75 ఏళ్లకు విరమణ. పేరు చివర డీఎల్ అని పెట్టుకోవచ్చు.

'సేనాని' అన్నవారికి కొంత ఆధారం ఉంది. ఎనిమిదో హెన్రీ కాలంలో ఈ పదవి పుట్టిందే కౌంటీలో జనాన్ని కూడగట్టి దండు నిలపడానికి. అయితే ఆ దండు మీది అధికారం 1871లోనే వాళ్ల చేతుల్లోంచి పోయింది. నూటయాభై ఏళ్ల కిందటి కత్తిని ఇప్పుడు డాక్టరమ్మ చేతికివ్వడం భావ్యం కాదు. 'గవర్నర్' అంతకన్నా తప్పు. యానాం వాళ్లకు లెఫ్టినెంట్ గవర్నర్ అంటే పుదుచ్చేరిలో కూర్చుని ఫైళ్ల మీద సంతకాలు పెట్టే పాలకుడు. కౌంటీ లెఫ్టినెంటుకు పాలనతో పని లేదు.

ఫ్రెంచిలో లెఫ్టినెంట్ అంటే ఒకరి చోటును పట్టి ఉంచేవాడు. మనకు దానికి దీటైన మాట చేతిలోనే ఉంది, ప్రతినిధి. ప్రతి, ని అనే ఉపసర్గలు 'ధా' ధాతువు మీద చేరాయి. బదులుగా ఉంచినది అని అర్థం. ఈ మాటను ఇవాళ 'మా ప్రతినిధి, విజయవాడ' అనే వార్తల తలకట్టుకు పరిమితం చేశాం కానీ, వేదంలోని యజ్ఞవిధులను విచారించే మీమాంసకులు దీని మీద ఎంత తర్కం నడిపారో చూడండి. యజ్ఞానికి వడ్లు దొరక్కపోతే నివ్వరి ధాన్యం వాడవచ్చు. మంత్రపుష్పంలో 'నీవారశూక' అని వినే నీవారం ఇదే. సోమలత దొరక్కపోతే పూతీకం అనే మొక్క. ఇవి ప్రతినిధులు. దేవతకు, అగ్నికి, మంత్రానికి మాత్రం ప్రతినిధి లేదు. యజ్ఞం చేయించి ఫలం పొందవలసిన యజమానికీ లేడు.

మరి అనేకమంది యజమానులు కలిసి చేసే సత్రయాగంలో మధ్యలో ఒకరు చనిపోతే? ఇంకొకరిని తెచ్చి ఆ చోట కూర్చోబెట్టమన్నాడు మీమాంసా సూత్రాలు రాసిన జైమిని. వచ్చినవాడు యజమాని నియమాలన్నీ పాటించాలి, అయినా యజమాని కాడు, ఫలం అతనికి చెందదు. నా దృష్టిలో డిప్యూటీ లెఫ్టినెంట్ స్థితికి ఇంతకంటే చక్కని నిర్వచనం దొరకదు. ఆ రోజు సభలో జనం లేచి నిలబడేది రాజు కోసం. మర్యాదలు అందుకునేవారు ఆ మర్యాదకు తగ్గట్టు నడుచుకోవాలి, దాన్ని సొంతం చేసుకోకూడదు.

ఇక 'ఉప' సంగతి. ఈ రెండక్షరాలను మన పత్రికలవాళ్లు ఎక్కడపడితే అక్కడ అతికిస్తున్నారు. వైస్, డిప్యూటీ, సబ్, ఏది కనబడినా ఉపే! విశ్వవిద్యాలయాన్ని నడిపేది తానే అయినా వైస్ ఛాన్సలర్ ఉపకులపతి అయి కూర్చున్నారు. ఉప అంటే దగ్గర. ఉపనయనంలో ఉన్నది ఆ అర్థమే. చిన్న అన్న అర్థమూ ఉంది, ఉపనది అన్నప్పుడు. కౌంటీ దగ్గరికొచ్చేసరికి ఈ అలవాటు నిజంగానే చిక్కు తెస్తుంది. డిప్యూటీలలో ఒకరు వైస్ లార్డ్ లెఫ్టినెంటుగా ఉంటారు. లార్డ్ లెఫ్టినెంట్ ఊళ్లో లేకపోయినా, ఒంట్లో బాగోకపోయినా ఆ బాధ్యత మోసేది ఆయనే. మిగతావాళ్లు ఏ వేడుకకు పంపితే ఆ వేడుకకు వెళ్తారు. ఇద్దరినీ 'ఉప' అంటే చదివేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది?

లార్డ్ లెఫ్టినెంటును 'కౌంటీ రాజప్రతినిధి' అనవచ్చు. కౌంటీ అన్న మాట వదలకండి, ఒట్టి రాజప్రతినిధి అంటే మన చరిత్ర పుస్తకాల్లో వైస్రాయి. డిప్యూటీని 'సహాయ రాజప్రతినిధి' అనడం నాకు ఇష్టమే గానీ, వార్తలో ఆ మాట ఒంటరిగా నిలబడుతుందన్న ధీమా లేదు. డిప్యూటీ తహసీల్దారును మార్చకుండా వాడుకుంటున్న మనకు డిప్యూటీ లెఫ్టినెంట్ కొరుకుడుపడని మాటేమీ కాదు. ప్రస్తుతానికి దాన్నే రాసి, పక్కన 'కౌంటీలో రాజు తరఫున వేడుకలకు హాజరయ్యే గౌరవ పదవి' అని ఒక్క వాక్యం చేర్చమనండి.

ఉచ్చారణ సంగతికొస్తే, లెఫ్టినెంట్ అనే అనండి. బ్రిటన్‌లో పలికేదీ దాదాపు అలాగే. ల్యూటెనెంట్ అమెరికా వాళ్ల పలుకుబడి.